పొడవైన స్నోబోర్డుకు హార్డ్ బూట్లా, సాఫ్ట్ బూట్లా: కొనే ముందు ఇంట్లోనే చేయవలసిన కొలతలు, పరీక్షలు

స్నోబోర్డు బూట్లు తొడిగి చూసి కొనుక్కునే దుకాణాలు మన వైపు లేవు. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల ప్రాంతాల్లో ఈ ఆట మీద మనసు పడినవారికి బోర్డు సాధారణంగా అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న అన్నయ్యో, బావో, చదువుకునే రోజుల స్నేహితుడో అక్కడ వాడినదాన్ని కొని తెచ్చినప్పుడే చేతికి వస్తుంది. అలా వచ్చిన బోర్డు 165 సెంటీమీటర్ల కంటే పొడవుగా ఉంటే, దానికి ప్లాస్టిక్ కవచంతో ఉండే హార్డ్ బూట్లు కావాలా, మామూలు సాఫ్ట్ బూట్లు సరిపోతాయా అనే ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. బూట్లు కూడా దూరం నుంచే తెప్పించుకోవాలి కాబట్టి, ఒకసారి తప్పు జత వస్తే దాన్ని వెనక్కి పంపడం కొన్నంత తేలిక కాదు. ఆ తప్పు జరగకుండా, బోర్డునూ పాదాన్నీ ఇంట్లోనే కొలిచి నిర్ణయానికి రావడం ఎలాగో ఈ వ్యాసంలో క్రమంగా వివరిస్తాను.

ముందుగా నా అభిప్రాయం స్పష్టంగా చెప్పడం మంచిది. బోర్డు పొడవును చూసి బూటు రకాన్ని నిర్ణయించకూడదు. నిర్ణయించేది బోర్డు నడుము వెడల్పు, అంటే మధ్యలో అన్నిటికంటే సన్నగా ఉన్న చోటి వెడల్పు. దాని తరువాత మీరు దిగబోయే మంచు. 185 సెంటీమీటర్ల రేసింగ్ బోర్డు, 180 సెంటీమీటర్ల పొడి మంచు బోర్డు పక్కపక్కన నిలబెడితే ఎత్తులో పెద్ద తేడా కనిపించదు. అయినా మొదటిది హార్డ్ బూట్లు లేకుండా పనికిరాదు, రెండోదానికి హార్డ్ బూట్లు దాదాపు ఎప్పుడూ అవసరం లేదు.

రెండు రకాల బూట్లు బలాన్ని అంచుకు చేర్చే తీరు

సాఫ్ట్ బూటు తోలు, గుడ్డ, రబ్బరు పొరలతో తయారవుతుంది. లోపల మెత్తటి లైనర్, బయట లేసులు లేదా తిప్పి బిగించే బోవా చక్రం ఉంటాయి. దాన్ని పట్టీల బైండింగులో, అంటే బూటును బోర్డుకు పట్టి ఉంచే అమరికలో బిగిస్తారు. బైండింగ్ వెనుక నిలువుగా ఉండే పలకను హైబ్యాక్ అంటారు. మడమ వైపు అంచు మీదికి ఒరిగినప్పుడు మీ పిక్క ఈ పలకను నెడుతుంది, ఆ నెట్టుడు బోర్డు అంచుకు చేరుతుంది. వేళ్ల వైపు అంచుకు బలాన్ని బూటు నాలుక, చీలమండ మీది పట్టీ అందిస్తాయి. ఈ అమరిక మొత్తంలో చీలమండ స్వేచ్ఛగా కదులుతుంది. గతుకుల్లో, చెట్ల మధ్య, మెత్తటి మంచులో నిలదొక్కుకోవడానికి ఆ కదలికే ఉపయోగపడుతుంది.

హార్డ్ బూటు స్కీ బూటును పోలిన గట్టి ప్లాస్టిక్ షెల్. అయితే స్కీ బూటు కంటే దాని అడుగు పొట్టిగా ఉంటుంది, మడమ దగ్గర ముందుకు ఎంత వంగాలో సర్దుకునే మీట ఉంటుంది. దీన్ని ప్లేట్ బైండింగులో ముందూ వెనుకా లోహపు కమ్మీలతో పట్టిస్తారు. పాదాలు బోర్డుకు అడ్డంగా కాక దాదాపు ముందుకు తిరిగి ఉంటాయి కాబట్టి, అంచు మార్చడానికి మోకాళ్లను, తుంటిని పక్కకు నడిపించాలి. ఆ పక్క కదలికను గట్టి షెల్ ఏమాత్రం వృథా కానీయకుండా అంచుకు చేరుస్తుంది. ఒలింపిక్స్‌లో 1998 నగానో క్రీడల్లో జయింట్ స్లాలమ్‌తో (గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం), 2002 నుంచి ఇద్దరు పక్కపక్కన పోటీపడే ప్యారలల్ జయింట్ స్లాలమ్‌తో సాగుతున్న రేసింగ్ విభాగం హార్డ్ బూట్ల మీదే నడుస్తోంది. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో చెక్ క్రీడాకారిణి ఎస్టర్ లెడెత్స్కా స్కీల మీద సూపర్-జీ అనే వేగపు పందెంలో స్వర్ణాన్నీ, స్నోబోర్డు మీద ప్యారలల్ జయింట్ స్లాలమ్ స్వర్ణాన్నీ గెలిచింది. ఆ రెండో పతకం వెనుక ఉన్నవి హార్డ్ బూట్లు, సన్నని పొడవైన బోర్డు. మంచు కాలువలో విన్యాసాలు చేసే హాఫ్‌పైప్‌లోనూ, ఈ రోజుల్లో పలువురు ఒకేసారి దిగే స్నోబోర్డ్ క్రాస్ పందెంలోనూ కనిపించేవి సాఫ్ట్ బూట్లే.

మొదటి పని: బోర్డును పాదాలు ఉండే చోట కొలవడం

బోర్డును తిరగేసి దుప్పటి మీద పెట్టండి. మధ్యలో అన్నిటికంటే సన్నగా ఉన్న చోట ఒక లోహపు అంచు నుంచి రెండో లోహపు అంచు వరకు టేపుతో కొలవండి. ఇది నడుము వెడల్పు. తరువాత బోర్డు పైభాగంలో బైండింగ్ స్క్రూలు దిగే రంధ్రాల వరుసలు చూసి, మీరు రెండు పాదాలు పెట్టబోయే చోట్ల కూడా ఇదే విధంగా కొలవండి. పాదాల దగ్గర వెడల్పు నడుము కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. అమ్మకందారులు చెప్పేది నడుము వెడల్పే అయినా, బూటు నిలబడేది ఈ రెండు చోట్లే కాబట్టి లెక్కకు ఇవే ముఖ్యం.

నడుము 18 నుంచి 21 సెంటీమీటర్ల మధ్య ఉంటే మీ దగ్గర ఉన్నది ఆల్పైన్ బోర్డు, అంటే హార్డ్ బూట్ల కోసం తయారైనది. 25 సెంటీమీటర్లు దాటితే అది సాఫ్ట్ బూట్ల బోర్డు. ఈ రెండింటి మధ్య, ముఖ్యంగా 22 నుంచి 24 వరకు ఉన్న బోర్డుల విషయంలో మాత్రం మీ పాదం పొడవు తీర్పు చెబుతుంది. 1990ల నాటి పాత పొడవైన బోర్డులు చాలా వరకు ఈ మధ్య కొలతల్లోనే కనిపిస్తాయి. విదేశాల్లో తక్కువ ధరకు దొరికేవి ఎక్కువగా అవే కాబట్టి ఈ కొలత తీసుకోకుండా బోర్డు తెప్పించుకోవద్దని గట్టిగా చెబుతాను.

రెండో పని: పాదం కొలత, కోణాల లెక్క

మన షూ నంబరు ఇక్కడ పనికిరాదు. మడమను గోడకు ఆనించి కాగితం మీద నిలబడి, అన్నిటికంటే పొడవైన వేలి కొస దగ్గర గీత పెట్టించి, గోడ నుంచి ఆ గీత వరకు సెంటీమీటర్లలో కొలవండి. ఈ కొలతనే బూట్ల తయారీదారులు మోండో అంటారు. రెండు పాదాలూ కొలవాలి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వేళ్ల మొదలు దగ్గర పాదం ఎంత వెడల్పుందో కూడా రాసుకోండి. చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఒట్టి కాళ్లతో తిరిగిన మనలో చాలామందికి ముందు పాదం విశాలంగా ఉంటుంది, పొడవు మాత్రమే చూసి తెప్పించిన ఇరుకు బూటు అలాంటి పాదాన్ని ఒక గంటలోనే తిమ్మిరెక్కిస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. బూటును బోర్డుకు సరిగ్గా అడ్డంగా, అంటే సున్నా డిగ్రీల కోణంలో పెడితే దాని బయటి పొడవంతా బోర్డు వెడల్పు మీద పడుతుంది. కోణం పెంచుతూ వేళ్లను బోర్డు ముక్కు వైపు తిప్పే కొద్దీ అది ఆక్రమించే వెడల్పు తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గర పొడవులో సుమారు 97 శాతం, 30 దగ్గర 87 శాతం, 45 దగ్గర 71 శాతం, 55 దగ్గర 57 శాతం, 60 డిగ్రీల దగ్గర సరిగ్గా సగం. కోణం పెరిగినప్పుడు బూటు వెడల్పు కూడా కొంత కలుస్తుంది కాబట్టి ఇవి కనీస లెక్కలు అనుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. పాదం 27 సెంటీమీటర్లు, సాఫ్ట్ బూటు బయటి పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. 15 డిగ్రీల కోణంలో అది 29 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. పాదాల దగ్గర 27 సెంటీమీటర్ల వెడల్పున్న బోర్డు మీద ఒక్కో వైపు ఒక సెంటీమీటరే బయటికి వస్తుంది, ఇబ్బంది లేదు. అదే బూటును పాదాల దగ్గర 21 సెంటీమీటర్లున్న ఆల్పైన్ బోర్డు మీద పెడితే ఒక్కో వైపు నాలుగు సెంటీమీటర్లు వేలాడుతుంది. బోర్డును గట్టిగా అంచు మీదికి వంచిన క్షణంలో బూటు కొస మంచుకు తగిలి, అంచు లేచిపోయి, మనిషి విసురుగా పడతాడు. దీన్నే బూట్ అవుట్ అంటారు. మంచు ఎంత గట్టిదైతే ఈ పడటం అంత ప్రమాదకరం.

సాఫ్ట్ బూట్లనే 50 డిగ్రీలకు తిప్పి ఆ సన్న బోర్డు మీద నిలబడవచ్చు కదా అనిపిస్తుంది. లెక్క ప్రకారం బూటు పడుతుంది, కానీ బలం అంచుకు చేరదు. ఆ కోణంలో అంచు మార్చడానికి కావలసింది పక్కకు నెట్టే బలం. హైబ్యాక్ వెనుక నుంచి మాత్రమే ఆసరా ఇస్తుంది, పక్కకు ఒరిగితే మెత్తటి బూటులో చీలమండ మడతపడుతుంది, బోర్డు కదలదు. హార్డ్ బూటు ఈ లోటును తీర్చడానికే పుట్టింది. అందువల్ల కోణం 40 డిగ్రీలు దాటక తప్పదని లెక్క తేలితే హార్డ్ బూట్లు తీసుకోండి. 35 లోపల సరిపోతే సాఫ్ట్ బూట్లు చాలు. పాదం 24 సెంటీమీటర్లు ఉన్నవారికి సాఫ్ట్ బూటు సుమారు 27 ఉంటుంది కాబట్టి 30 డిగ్రీల దగ్గర 23.4 సెంటీమీటర్లు చాలు, అంటే మధ్య కొలతల పాత బోర్డులు వారికి సాఫ్ట్ బూట్లతోనే పనికి వస్తాయి.

తలకిందులుగా చేసే తప్పు కూడా ఉంది. వెడల్పైన మెత్తటి బోర్డుకు హార్డ్ బూట్లు, ప్లేట్ బైండింగులు బిగిస్తే పట్టు పెరుగుతుందని కొందరు అనుకుంటారు. ఆ బోర్డు మెలిపెట్టే బలాన్ని తట్టుకునేలా తయారు కాలేదు. గట్టి షెల్ ఇచ్చే బలమంతా స్క్రూ రంధ్రాల దగ్గర కేంద్రీకృతమవుతుంది, అక్కడే బోర్డు దెబ్బతింటుంది. రంధ్రాలకు బదులు పొడవైన గాడి ఉండే బోర్డులకు ప్లేట్ బైండింగ్ అసలు పడుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

మూడో పని: దిగబోయే మంచును తెలుసుకోవడం

పొడవైన బోర్డు రెండు వేర్వేరు కారణాలతో తయారవుతుంది. గట్టిగా చదును చేసిన వాలు మీద పొడవైన అంచు ఎక్కువ పట్టు ఇస్తుంది, వేగంలో వణకదు. లోతైన పొడి మంచులో పెద్ద వైశాల్యం మనిషిని పైకి తేలుస్తుంది. మొదటి పనికి హార్డ్ బూట్లు, రెండో పనికి సాఫ్ట్ బూట్లు సహజంగా కలుస్తాయి.

చదును వాలు మీద ఏం జరుగుతుందో కాస్త లోతుగా చెప్పాలి, ఎందుకంటే హార్డ్ బూట్ల ఆనందమంతా ఇక్కడే ఉంది. ప్రతి బోర్డు పక్క అంచు లోపలికి వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు ఒక వృత్తంలో భాగం, దాని వ్యాసార్థాన్ని మీటర్లలో చెబుతారు. బోర్డును అంచు మీదికి ఎంత ఎక్కువగా లేపితే అది గీసే మలుపు అంత చిన్నదవుతుంది. 14 మీటర్ల వ్యాసార్థం ఉన్న బోర్డును 60 డిగ్రీలు లేపితే మలుపు వ్యాసార్థం సుమారు 7 మీటర్లకు తగ్గుతుంది. అంత ఎత్తున బోర్డును నిలిపి ఉంచాలంటే చీలమండ వణకకూడదు, బూటు మంచుకు తగలకూడదు. సన్న నడుము, గట్టి షెల్ రెండూ కలిసినప్పుడు అది సులభంగా కుదురుతుంది. సాఫ్ట్ బూట్లతో కుదరదని కాదు: అమెరికాలో ర్యాన్ నాప్టన్ వంటివారు బాగా వెడల్పైన బోర్డుల మీద సాఫ్ట్ బూట్లతోనే మంచుకు ఒళ్లు ఆనేంత లోతుగా మలుపులు తీస్తారు. వారు బోర్డు వెడల్పు పెంచి బూట్ అవుట్‌ను తప్పించుకున్నారు. గతంలో హార్డ్ బూట్లకే చెల్లిన పని ఇప్పుడు వెడల్పైన కార్వింగ్ (అంచు మీద మలుపులు తీసే) బోర్డులతో సాఫ్ట్ బూట్లవారికీ అందుబాటులోకి వచ్చింది, ఇది మనవంటివారికి చాలా మేలు.

మన వైపు నుంచి వెళ్లగలిగిన చోట్ల విషయానికి వస్తే, కశ్మీర్‌లోని గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) మొదటి దశ కొంగ్డూరి వరకు, రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల వరకు తీసుకెళ్తుంది. రెండో దశ నుంచి దిగేది చదును చేయని, లోతైన సహజ మంచు. పై నుంచి ఇంకాస్త నడిచి ఎక్కి దిగేవారూ ఉంటారు. నడవడానికి, పడినప్పుడు పట్టీలు చేత్తో విప్పుకోవడానికి, అసమానమైన మంచులో కాళ్లను విడివిడిగా కదిలించడానికి సాఫ్ట్ బూట్లే సరి. అక్కడ హిమపాతాల ప్రమాదం ఉంటుంది కాబట్టి గుల్మార్గ్ స్కీ పెట్రోల్ ప్రకటనలు చూడకుండా, బీకన్ (మంచులో కూరుకుపోయినవారిని వెతికే సంకేత పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవైన కడ్డీ) లేకుండా, తెలిసిన గైడు లేకుండా పైకి వెళ్లవద్దు. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగాయి. అక్కడ వాలును చదును చేసిన రోజుల్లో, ఉదయాన్నే గట్టి మంచు మీద హార్డ్ బూట్లకు కొంత పని ఉంటుంది. అయినా జనం, నేర్చుకునేవారు నిండిన వాలు మీద వేగం మీద బతికే సన్న బోర్డు నడపడం ఇతరులకూ మనకూ క్షేమం కాదు.

అందుకే నా తీర్పు ఇది: మన రాష్ట్రం నుంచి ఏడాదికి ఒకటి రెండు వారాలు హిమాలయాలకు వెళ్లేవారికి నడుము 25.5 నుంచి 27 సెంటీమీటర్లున్న పొడవైన బోర్డు, దానికి గట్టి సాఫ్ట్ బూట్లు. చదువుకో ఉద్యోగానికో కొలరాడోలోనో, ఆల్ప్స్ దగ్గరో, హొక్కైడోలోనో ఉంటూ ప్రతి వారం చదును వాలు మీద దిగేవారికైతే హార్డ్ బూట్లు నేర్చుకోమని మనస్ఫూర్తిగా చెబుతాను.

సాఫ్ట్ బూట్లు ఎంచుకునేటప్పుడు

పొడవైన బోర్డుకు మెత్తటి బూటు చాలదు. తయారీదారులు బిరుసును 1 నుంచి 10 వరకు అంకెలతో సూచిస్తారు. 7 లేదా ఆపైన ఉన్నవి చూడండి, శరీర బరువు ఎక్కువైతే 8 మంచిది. ఒక కంపెనీ 7 మరో కంపెనీ 7తో సమానం కాకపోవచ్చు, కాబట్టి అంకెతో పాటు చీలమండ దగ్గర ఎంత బలమైన కూర్పు ఉందో కూడా గమనించాలి. బైండింగ్ కూడా బూటుకు తగ్గ బిరుసుతో ఉండాలి, లేకపోతే గట్టి బూటు కొన్న ఫలితం పట్టీల దగ్గరే పోతుంది. మొదట ముందు పాదం 27, వెనుక పాదం 12 డిగ్రీల దగ్గర పెట్టి చూసి, మోకాళ్లకు అనుకూలమైన వైపు మూడేసి డిగ్రీలు మార్చుకోండి.

బూటు ఇంటికి రాగానే ఒకే ఒక ఉన్ని సాక్సుతో తొడిగి చూడండి. రెండు సాక్సులు వెచ్చదనం పెంచవు, రక్తం ఆడకుండా చేస్తాయి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి రావాలి. మడమ లేవకూడదు. లైనర్ వాడుకలో నలిగి వదులవుతుంది కాబట్టి కొత్తలో సుఖంగా, ఖాళీగా ఉన్న బూటు త్వరలోనే పెద్దదైపోతుంది. మన వేసవి వేడికి పాదాలు ఉబ్బుతాయి, ఆ స్థితిలో చూస్తే సరైన బూటు కూడా చిన్నదనిపిస్తుంది. డిసెంబరు తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో అరగంటకు పైగా తొడుక్కుని తిరగండి. బోవా తీగ తెగితే గుల్మార్గ్‌లో బాగుచేయించడం కష్టం, విడి తీగ వెంట ఉంచుకోవాలి.

హార్డ్ బూట్లు ఎంచుకునేటప్పుడు

ఇక్కడ షెల్ సరిపోవడమే ప్రధానం. లైనర్‌ను బయటికి తీసి, ఒట్టి షెల్‌లో పాదం పెట్టి, వేళ్లు ముందు తగిలేవరకు జరపండి. మడమ వెనుక ఒక వేలు, మహా అయితే వేలున్నర పట్టే ఖాళీ, అంటే ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటరు ఉండాలి. అంతకు మించితే లైనర్ ఎంత మందంగా ఉన్నా పాదం లోపల కదులుతుంది. డీలక్స్, యూపీజెడ్ వంటి పేర్లతో వచ్చే బూట్లు స్నోబోర్డు కోసమే తయారైనవి. ఇంట్లో ఉన్న స్కీ బూట్లను వాడవచ్చా అని అడిగేవారికి నా సమాధానం వద్దని. అడుగు పొడవు ఎక్కువ కావడంతో బూటు బోర్డు అంచు దాటి బయటికి వేలాడుతుంది, పక్కలకు కావలసిన కాస్త వెసులుబాటు కూడా వాటిలో ఉండదు.

ప్లాస్టిక్ చలిలో బిరుసెక్కుతుంది. 30 డిగ్రీల హనుమకొండ గదిలో తేలిగ్గా వంగిన షెల్, సున్నాకు పది డిగ్రీల కింద ఉన్న ఉదయం రాయిలా అనిపిస్తుంది. ఇంట్లో తొడిగి చూసి బిరుసు చాలదనుకుని మరింత గట్టిది తెప్పించడం ఇందువల్లే పొరపాటు. మొదటి జతగా మధ్యస్థ బిరుసున్నదే తీసుకోండి. కోణాలు బోర్డు వెడల్పును బట్టి, బూటు కొసలు అంచులు దాటకుండా పెట్టాలి. 20 సెంటీమీటర్ల నడుముకు ముందు 55, వెనుక 50 చుట్టూ మొదలుపెట్టవచ్చు. ముందు బైండింగ్‌కు వేళ్ల కింద, వెనుక బైండింగ్‌కు మడమ కింద మూడు డిగ్రీల ఎత్తు పెడితే మోకాళ్లు సహజంగా నిలుస్తాయి.

ఒక ఆరోగ్య విషయం. ఈ రెండు రకాల బైండింగులూ పడినప్పుడు స్కీ బైండింగుల్లా ఊడిపోవు. సాఫ్ట్ బూట్లలో దెబ్బ ఎక్కువగా చీలమండకు తగులుతుంది, హార్డ్ బూట్లు చీలమండను కాపాడి ఆ బలాన్ని మోకాలికి, బూటు పైఅంచు దగ్గర కాలి ఎముకకు పంపుతాయి. పాత మోకాలి గాయం ఉన్నవారు హార్డ్ బూట్ల వైపు వెళ్లే ముందు ఎముకల డాక్టరును అడగాలి.

ప్రయాణం, ఎండాకాలపు నిల్వ

కాజీపేట నుంచి ఢిల్లీ వైపు రైల్లో వెళ్లేవారికి బోర్డు పొడవే చిక్కు. బోగీలో వెంట ఉంచుకునే పెట్టెలకు రైల్వే పెట్టిన గరిష్ఠ పొడవు 100 సెంటీమీటర్లు, కాబట్టి బోర్డును ముందుగా పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యానులో పంపాలి. బూట్లు మాత్రం మీ చేతి సంచిలోనే ఉండాలి. బోర్డు ఆలస్యమైతే గుల్మార్గ్‌లో అద్దెకు దొరుకుతుంది, మీ పాదానికి కుదిరిన బూటు దొరకదు. హార్డ్ బూట్లు, సన్న బోర్డు అక్కడ అద్దెకు దొరుకుతాయని ఆశించవద్దు.

తిరిగి వచ్చాక లైనర్లు బయటికి తీసి నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. రామగుండం, వరంగల్ ఎండలకు రేకుల షెడ్డులోనో, కారు డిక్కీలోనో పెట్టిన బూట్ల జిగురు వదులుతుంది. వానాకాలపు తేమకు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అడుగులు, షెల్‌లు లోపల నుంచి పెళుసెక్కుతాయి, పైకి కొత్తగా కనిపిస్తూనే వాడేటప్పుడు పగులుతాయి. కింది అంతస్తులో చల్లని గదిలో, సిలికా జెల్ పొట్లాలతో, హార్డ్ బూట్ల బకిళ్లు వదులుగా పెట్టి షెల్ ఆకారం చెడకుండా ఉంచండి. విదేశాల నుంచి పాత హార్డ్ బూట్లు తెప్పించేటప్పుడు ధర కంటే ముందు తయారైన సంవత్సరం అడగండి. పదేళ్లు దాటిన జత అయితే అడుగు, మడమ మీట, బకిళ్ల మొదళ్ల దగ్గర పగుళ్ల కోసం దగ్గరి ఫోటోలు తెప్పించుకుని, ఏ చిన్న గీత కనిపించినా వదిలేయండి.